పారవేసే తేదీ లేని ఫైలు

మా మొహల్లా మస్జిదును ఆనుకొని ఒక చిన్న గది ఉన్నది. సర్కారు కొలువు నుండి విరమణ పొందిన నాటి నుండి ప్రతి ఆదివారం ఉదయం అక్కడ కూర్చొని, వచ్చినవారికి దరఖాస్తులు నింపిపెడుతున్నాము. వితంతు పింఛను, ఉపకార వేతనం, రేషను కార్డులో పేరు సవరణ, హజ్ దరఖాస్తు, మొదట్లో ఇవే ఎక్కువ. ఇప్పుడు వీసా ఫారాలు వాటన్నిటినీ దాటిపోయినవి. ఇంటికొక పిల్లో పిల్లవాడో అమెరికాకో, బ్రిటనుకో, గల్ఫుకో పయనమై ఉన్నారు.

నిరుడు జూలైలో ఒక తండ్రి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చారు. అమ్మాయికి అమెరికాలో ఎం.ఎస్. చదువుకు సీటు వచ్చినది. ఆయన ఫీజుల సంగతీ అడగలేదు, బ్యాంకు పత్రాల సంగతీ అడగలేదు. కూతురి ఫోను మా ముందు పెట్టి, "భాయ్‌సాబ్, ఇందులోంచి ఏమేమి తీసెయ్యాలో కాస్త చూసి చెప్పండి" అన్నారు. ఒక ఆడపిల్ల ఐదేళ్ళ మాటలు, బొమ్మలు, దువాలు, స్నేహితురాళ్ళతో వేళాకోళాలు అన్నీ మా బల్ల మీద ఉన్నవి. కర్ణాటకలో హిజాబు వివాదం నడిచిన రోజులలో ఆమె రాసుకున్న రెండు వాక్యాలు, గాజా పసిపిల్లల బొమ్మ ఒకటి, వాటిని చూపించి తండ్రి భయపడుతున్నారు. అమ్మాయి మాత్రం ఒక్క మాట అన్నది: "తీసేస్తే దాచినట్టు, ఉంచితే ఒప్పుకున్నట్టు. ఏది చెయ్యమంటారు చాచా?"

ముప్పైనాలుగేళ్ళు ఫైళ్ళ మధ్య బతికిన మాకు ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఆ అమ్మాయి చివరకు ఏమి చేసినదన్నది ఆమె సొంత విషయం, దానిని ఇక్కడ రాయము. అయితే ఆ ప్రశ్నను ఆమె ముందు పెట్టినవారిని గురించి మాత్రం రాయక తప్పదు.

అమెరికా విదేశాంగ శాఖ 2019 మే నెలాఖరు నుండి వీసా దరఖాస్తులో ఒక కొత్త గడి పెట్టినది. గడచిన ఐదేళ్ళలో వాడిన సామాజిక మాధ్యమ ఖాతాల పేర్లన్నీ అందులో రాయాలి. ఐదేళ్ళ ఫోను నంబర్లు, ఈమెయిలు చిరునామాలు కూడ ఇవ్వాలి. ఏడాదికి సుమారు కోటిన్నర మందికి ఇది వర్తిస్తుందని ఆ శాఖే లెక్క వేసినది. 2025 జూన్‌లో మరో అడుగు ముందుకు వేసి, విద్యార్థి వీసా కోరేవారు తమ ఖాతాలను ఎవరైనా చూడగలిగేట్లు బార్లా తెరిచి ఉంచాలన్నారు. డిసెంబరు 15 నుండి అదే షరతు హెచ్-1బి ఉద్యోగులకు, హెచ్-4 వీసా మీద వెళ్ళే వారి భార్యాభర్తలకు, పిల్లలకు వచ్చినది. ఆ నెలలో ఇంటర్వ్యూ తేదీలున్న మనవాళ్ళు ఎందరికో అవి నెలల తరబడి వెనక్కి జరిగినవి. సెలవు మీద ఇంటికి వచ్చినవారు తిరిగి ఉద్యోగానికి వెళ్ళలేక ఇక్కడే చిక్కుకున్నారు. తెలుగు పత్రికలు దీనిని సాఫ్ట్‌వేరు ఉద్యోగుల కష్టంగా రాసినవి. కష్టమే, కాదనము. అయితే అందులో మరొకటి ఉన్నది. దానిని రాసే బాధ్యత ఇటువంటి పత్రికల మీద పడినది.

ప్రతి దేశానికీ తన గుమ్మంలోకి ఎవరు వస్తున్నారో తెలుసుకునే హక్కు ఉన్నది. దీనిని మేము ఏనాడూ కాదనలేదు. పాసుపోర్టు చూడవచ్చు, వీసా చూడవచ్చు, నేరచరిత్ర ఉంటే అడగవచ్చు. మన ఇంటికి వచ్చిన కొత్త మనిషిని "ఎవరండీ మీరు, ఏ పని మీద వచ్చారు" అని మనమూ అడుగుతాము. అడిగిన దానిని ఎందుకు అడిగారు, ఎంతకాలం దాచుకుంటారు, ఎవరికి చూపిస్తారు, తప్పుంటే దిద్దుకునే దారి ఏది అన్న చోటే మాకు పేచీ. ఈ నాలుగింటిలో ఒక్కదానికీ ఫారం మీద జవాబు ఉండదు. జవాబు చరిత్రలో ఉన్నది. ఆ చరిత్ర మన ఇళ్ళల్లో చాలామందికి తెలియదు కనుక కొంచెం వివరంగా చెబుతాము.

2001 సెప్టెంబరు 11 నాటి దాడుల తరువాత, 2002లో అమెరికా ఒక ప్రత్యేక నమోదు పద్ధతిని తెచ్చినది. అప్పటి అటార్నీ జనరల్ జాన్ ఆష్‌క్రాఫ్ట్ దానిని జూన్‌లో ప్రకటించారు. సరిగ్గా సెప్టెంబరు 11 నాడే విమానాశ్రయాలలో మొదలుపెట్టారు. ఆపైన నవంబరు నుండి, అప్పటికే దేశంలో చదువుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటూ ఉన్న పదహారేళ్ళు నిండిన మగవారిని దేశాలవారీగా పిలవడం ప్రారంభించారు. మొదట ఇరాన్, ఇరాక్, లిబియా, సూడాన్, సిరియా. తరువాత విడతలలో పాకిస్తాన్, సౌదీ అరేబియా, బంగ్లాదేశ్, ఈజిప్టు, ఇండోనేషియా వంటివి. మొత్తం 25 దేశాల జాబితా అది. అందులో 24 ముస్లింలు అధిక సంఖ్యలో ఉన్న దేశాలు. మిగిలిన ఒక్కటి ఉత్తర కొరియా. ఆ ఒక్కదానిని చూపించి "ఇది మతాన్ని బట్టి చేసినది కాదు" అన్నారు. ప్రభుత్వ కార్యాలయాలలో పనిచేసినవారికి ఈ విద్య బాగా తెలుసు. ఒక కులం వారినే బదిలీ చేయదలచినప్పుడు జాబితాలో వేరొక పేరు కూడ చేర్చుతారు.

పిలుపు అందుకున్నవారు పరారీ కాలేదు, దాక్కోలేదు. చట్టాన్ని గౌరవించి, వరుసలో నిలబడి, వేలిముద్రలు ఇచ్చి, ఫోటో దిగి, ప్రమాణం చేసి జవాబులు చెప్పారు. అలా దేశం లోపల నమోదు చేసుకున్నవారు 83 వేల మందికి పైగా. వారిలో 13 వేల మందికి పైగా దేశ బహిష్కరణ విచారణలలోకి నెట్టబడ్డారు. చాలామంది మీద ఉన్న తప్పిదం వీసా గడువు దాటిపోవడం. అందులోనూ కొందరి శాశ్వత నివాస దరఖాస్తులు అప్పటికే అదే ప్రభుత్వం బల్ల మీద పెండింగులో ఉన్నవి. 2002 డిసెంబరులో దక్షిణ కాలిఫోర్నియాలో నమోదుకు స్వయంగా వచ్చిన వందలాది మందిని, అత్యధికులు ఇరానీయులు, అక్కడికక్కడే నిర్బంధించారు. వీధిలో కుటుంబాలు ఏడుస్తూ నిలబడినవి. న్యూయార్కు బ్రూక్లిన్‌లోని పాకిస్తానీల పేటలో దుకాణాలు మూతబడి, కుటుంబాలకు కుటుంబాలు కెనడా సరిహద్దు వైపు పోయినవి.

ఇంత చేసి వారు పట్టినదేమిటి? ఆ నమోదు వలన ఉగ్రవాద నేరం రుజువై శిక్షపడిన ఉదంతం ఒక్కటీ లేదు. ఎనభై మూడు వేల మందిలో ఒక్కటీ లేదు.

2011 ఏప్రిల్‌లో దేశాల జాబితాను తొలగించి ఆ పద్ధతిని నిలిపివేశారు. నిబంధనలను మాత్రం పుస్తకంలోనే ఉంచారు. 2016 డిసెంబరులో, ఒబామా పదవి దిగిపోవడానికి నెల రోజులు ముందు, ఆ నిబంధనలనూ రద్దుచేశారు. మనవాళ్ళు సంతోషించారు. రద్దుకు ప్రభుత్వం చెప్పిన కారణాన్ని మాత్రం మేము రెండుసార్లు చదువుకున్నాము. ఆ పద్ధతి అన్యాయమని వారు అనలేదు. పాతబడినదన్నారు. అప్పుడు చేతితో సేకరించిన సమాచారం ఇప్పుడు యంత్రాల ద్వారా అందరి నుండీ వస్తున్నది కనుక దాని అవసరం తీరిపోయినదన్నారు. అంటే ఇరవై అయిదు దేశాల రిజిస్టరు మూసినది అంతకంటె పెద్ద రిజిస్టరు తెరుచుకున్నందువల్లనే.

ఆ పెద్ద రిజిస్టరు 2004 జనవరి 5న మొదలైనది. వీసా మీద వచ్చే విదేశీయుల వేలిముద్రలు, ఫోటోలు విమానాశ్రయాలలో తీసుకునే ఏర్పాటు అది. మొదట రెండు వేళ్ళు, తరువాత పది వేళ్ళు. బ్రెజిల్‌లో ఒక న్యాయమూర్తి దీనికి మండిపడి, అయితే మా దేశానికి వచ్చే అమెరికన్లూ వేలిముద్రలు వేయవలసిందే అని ఉత్తర్వు ఇచ్చారు. ఆ వార్త విని అప్పట్లో మా కార్యాలయంలో అందరం చప్పట్లు కొట్టాము. ఇప్పుడు ఆలోచిస్తే అదేమంత మేలు చేయలేదనిపిస్తున్నది. దానివల్ల వేలిముద్రలు ఇచ్చేవారి సంఖ్య పెరిగినదే గాని ఒక్కరిదీ తగ్గలేదు. 2025 డిసెంబరు 26 నుండి అమెరికా సరిహద్దు శాఖ వచ్చే విదేశీయులనే కాక, వెళ్ళిపోయే విదేశీయులను కూడ ఎక్కడైనా ముఖచిత్రం తీసే అధికారం పొందినది.

ఈ చిత్రాలను, వేలిముద్రలను దాచే కాలం 75 సంవత్సరాలు.

కొలువులో చేరిన మొదటి నెలలోనే గుమాస్తాకు నేర్పే విషయం ఒకటున్నది. ఫైలు మూసేటప్పుడు దాని మీద ఒక గుర్తు వేయాలి. ఎల్.డిస్ అంటే ఏడాది తరువాత పారవేయవచ్చు. డి.డిస్ అంటే పదేళ్ళు ఉంచాలి. ఆర్.డిస్ అంటే శాశ్వతంగా రికార్డు గదిలో ఉండవలసిందే. భూమి హక్కులు, సరిహద్దు తగాదాలు, వక్ఫు దస్తావేజులు, అటువంటివాటికి ఆర్.డిస్ వేసేవారము. ఎవరో ఒకాయన సెలవు పెట్టుకున్న అర్జీకి ఆర్.డిస్ వేస్తే సూపరింటెండెంటు కేకలు వేసేవాడు, "రికార్డు గది నీ తాతదనుకున్నావా" అని. ఆ కేకలో ఒక ధర్మం ఉన్నది. ఏ కాగితాన్ని ఎంతకాలం ఉంచాలో ముందే రాసిపెట్టుకొని, ఆ గడువు తీరగానే చింపివేయడం ప్రజలకు ప్రభుత్వం చేసే ఒక మేలు. పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు చదువుకోవడానికి వెళ్ళి ఇచ్చిన ముఖచిత్రం అతనికి తొంభై నాలుగేళ్ళు వచ్చేదాకా వేరొక దేశపు గదిలో ఉండిపోతుంది. మా లెక్కలో అది ఆర్.డిస్.

ఇక ఆ ఖాతాలన్నీ చదివి లాభమేమిటన్న ప్రశ్న. 2017 ఫిబ్రవరిలో అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖలోని ఇన్‌స్పెక్టర్ జనరల్ ఒక నివేదిక ఇచ్చారు. సామాజిక మాధ్యమాలను జల్లించే ప్రయోగాలు అప్పటికే కొన్ని జరిగినవి. అవి సఫలమా విఫలమా తేల్చడానికి కొలమానమే పెట్టుకోలేదని ఆ శాఖ సొంత తనిఖీ అధికారే తేల్చారు. కొలత లేని పని కాబట్టి ఆపివేశారా అంటే, రెండేళ్ళలో దానిని కోటిన్నర మందికి విస్తరించారు. 2017లో ఏడు ముస్లిం దేశాల ప్రయాణికులను నిషేధించిన ఉత్తర్వుల వెంటనే 'కట్టుదిట్టమైన వడపోత' అన్న మాట అక్కడ అధికార భాషలోకి వచ్చినది. ఖాతాల గడి ఆ మాటకు పుట్టిన బిడ్డ. గడి అందరికీ ఒక్కటే, హిందువుకూ, క్రైస్తవునికీ, ముస్లిముకూ. కాని అందులో రాసినదానిని చదివే కన్ను అందరినీ ఒక్కలా చదువుతుందా?

2019 ఆగస్టులో హార్వర్డులో చేరడానికి బోస్టన్ విమానాశ్రయంలో దిగిన ఒక పాలస్తీనా విద్యార్థిని గంటల తరబడి ప్రశ్నించి, వీసా రద్దుచేసి వెనక్కి పంపారు. అతని ఖాతాలో అభ్యంతరకరమైనది ఏదో ఉండి కాదు. తన స్నేహితులు రాసిన రాజకీయ రాతలను చూపించి తనను నిలదీశారని ఆ కుర్రవాడు చెప్పాడు. లోకం గగ్గోలు పెట్టిన తరువాత పది రోజులకు రానిచ్చారు. 2025 మార్చిలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న ఒక భారతీయ ముస్లిమును ఇంటి బయట ముసుగు వేసుకున్న అధికారులు పట్టుకుపోయారు. ఏ నేరం కిందా కేసు పెట్టలేదు. సామాజిక మాధ్యమాలలో రాతలు, భార్య తండ్రి ఎవరన్న సంగతి, ఈ రెండే ఆయన మీద చెప్పినవి. దాదాపు రెండు నెలలు నిర్బంధంలో ఉంచిన తరువాత మే నెలలో ఫెడరల్ న్యాయమూర్తి ఆదేశంతో విడుదలైనారు. ఆయన మన దేశస్థుడు, చట్టబద్ధమైన వీసా మీద వెళ్ళినవాడు. ఒక స్నేహితుడి రాత, ఒక మామగారి పేరు, ఇవి నేరాలా?

ఇక్కడే మేము ఈ వ్యాసానికి అసలు విషయంగా భావించేది ఉన్నది. విదేశీ సందర్శకుని గురించి తీసే సమాచారం ఆ సందర్శకునితో ఆగదు. అది చుట్టరికాల వెంట నడుస్తుంది. 2025 డిసెంబరు 10న అమెరికా సరిహద్దు శాఖ మరొక ప్రతిపాదన ప్రకటించినది. వీసా లేకుండా రాగల దేశాల పౌరులు కూడ ఇకమీదట ఐదేళ్ళ ఖాతాల వివరాలతో పాటు తల్లిదండ్రులు, భార్యాభర్తలు, తోబుట్టువులు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, పుట్టిన ఊళ్ళు, ఫోను నంబర్లు ఇవ్వాలని ఆ ప్రతిపాదన. యూరపు వారికి కదా, మనకేమిటి అంటారేమో. లండనులో స్థిరపడి బ్రిటిషు పాసుపోర్టు తీసుకున్న మన మేనల్లుడు న్యూయార్కు చూడబోతే, ఇక్కడ ఇంట్లో కూర్చున్న అక్క పేరు, ఆమె ఫోను నంబరు అమెరికా గదిలోకి చేరుతుంది. ఆమె ఏనాడూ విమానం ఎక్కి ఉండదు.

ఈ మాట మేము ఊహించి రాయడం లేదు. మన గడప దగ్గర జరిగినదే చెబుతాము.

1948 తరువాత హైదరాబాదు కుటుంబాలలో సగం కొమ్మలు కరాచీకి వెళ్ళిన సంగతి ఎవరికి తెలియదు? మా శ్రీమతి పినతల్లి అలా వెళ్ళినవారే. డెబ్భై దాటిన వయస్సులో, ఇరవై ఏళ్ళ కిందట, అక్కచెల్లెళ్ళను చూసుకోవడానికి ఒక్కసారి వచ్చారు. వీసా మీద ఊరి పేరు ఒక్కటే రాసి ఉన్నది. దిగిన ఇరవైనాలుగు గంటలలోగా పోలీసు కార్యాలయంలో నమోదు కావాలి, వెళ్ళేముందు మళ్ళీ కావాలి. మేమే వెంట తీసుకుపోయాము. అక్కడి గుమాస్తా మర్యాదస్తుడు, ముసలావిడను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఆపైన రిజిస్టరు తెరిచి ఆమె ఎవరెవరి ఇళ్ళకు వెళుతుందో పేర్లు, చిరునామాలు, వారి ఉద్యోగాలు రాసుకున్నాడు. ఖాలా తల్లి ఖబరు ఉన్న ఊరు నూరు కిలోమీటర్ల దూరం. ఆ ఊరు వీసాలో లేదు. ఫాతిహా హైదరాబాదు నుండే చదివి ఆమె వెళ్ళిపోయారు. రెండేళ్ళకు కరాచీలో కన్నుమూశారు.

ఆమె పోయిన చాలా కాలానికి మా తమ్ముని కొడుకు పాసుపోర్టు విచారణకు ఒక కానిస్టేబులు వచ్చాడు. అన్ని కాగితాలు చూసి, వెళ్ళబోతూ గడపలో నిలబడి అడిగాడు: "మీకు పాకిస్తాన్‌లో చుట్టాలున్నారట గదా సార్?" ఆ ఖాలా వచ్చి వెళ్ళేనాటికి ఆ పిల్లవాడు ఎలిమెంటరీ బడిలో ఉన్నాడు. పాసుపోర్టు వచ్చినది, ఆలస్యంగా. కాని ఆ 'అట' అన్న చిన్న మాట మా ఇంటి నుండి ఇంకా పోలేదు. సందర్శకురాలు మట్టిలో కలిసిపోయినా ఆమె పేరిట తెరిచిన కాగితం మా పిల్లల మీద బతికి ఉన్నది.

మన దేశపు వీసా ఫారం చూడనివారు ఒకసారి చూడండి. మతం ఏమిటన్న గడి ఉన్నది. మీ తల్లిదండ్రులు గాని, తండ్రి వైపు లేదా తల్లి వైపు తాత, అవ్వలు గాని పాకిస్తాన్ జాతీయులా అన్న ప్రశ్న ఉన్నది. ఈ ప్రశ్నకు అవునన్నవారికి ఈ-వీసా సదుపాయం లేదు, మామూలు వీసాకు వెళ్ళి నెలలు కాచుకోవాలి. షికాగోలో పుట్టి అమెరికా పాసుపోర్టు ఉన్న కుర్రవాడు హైదరాబాదులో మేనమామ కూతురి నికాకు రావాలంటే, తాను ఎన్నడూ చూడని అవ్వ ఎక్కడి పౌరురాలో చెప్పాలి. అమెరికా ఐదేళ్ళు వెనక్కి చూస్తే, మనము రెండు తరాలు వెనక్కి చూస్తున్నాము. వచ్చినవాడు మన ఇంట్లో దిగితే ఇరవైనాలుగు గంటలలో ఆతిథ్యం ఇచ్చినవారు ఫారం-సి అని వాడుకలో ఉన్నది దాఖలు చేయాలి. హోటళ్ళకే అనుకొని చాలా కుటుంబాలు పొరబడుతున్నవి. మామూలు ఇళ్ళకూ వర్తిస్తుంది. దయచేసి ఈ విషయంలో అశ్రద్ధ చేయకండి, చట్టం కఠినమైనది.

అది ఎంత కఠినమైనదో కూడ చెప్పాలి. 1920 నాటి పాసుపోర్టు ప్రవేశ చట్టం, 1939 నాటి విదేశీయుల నమోదు చట్టం, 1946 నాటి విదేశీయుల చట్టం, 2000 నాటి వాహక సంస్థల బాధ్యత చట్టం, ఈ నాలుగింటినీ రద్దుచేసి వాటి స్థానంలో తెచ్చిన 2025 ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం సెప్టెంబరు 1 నుండి అమలులో ఉన్నది. వలస పాలకుల చట్టాలను వదిలించుకున్నామని చెప్పుకున్నారు. కాని 1946 చట్టంలోని ముఖ్యమైన ముల్లును జాగ్రత్తగా తీసి కొత్తదానిలో నాటుకున్నారు. ఒక మనిషిని విదేశీయుడవని ప్రభుత్వం అంటే, కాదని రుజువు చేసుకునే భారం ఆ మనిషి మీదే ఉంటుంది. ఈ ముల్లు విదేశీయులకు మాత్రమే గుచ్చుకుంటే ఇంత రాయనక్కరలేదు. అస్సాంలో ట్రిబ్యునళ్ళ ముందు ఇదే నియమం కింద నిలబడినవారు ఎక్కడివారు? 2019 ఆగస్టు 31న వెలువడిన పౌరుల జాబితాలో చోటు దక్కని 19 లక్షల మందిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు, సైన్యంలో పనిచేసినవారి కుటుంబాలూ ఉన్నవి. విదేశీయుల కోసం రాసిన చట్టం పౌరుడిని పట్టుకొని నీ తాత ఎవరని అడిగినది.

మన పెద్దలలో కొందరు అంటారు, నిజాయితీగా ఉన్నవాడికి భయమెందుకు, దాచేది ఏముంది అని. జుమా తరువాత మస్జిదు మెట్ల మీద ఈ మాట వినని వారం లేదు. వారికి సవినయంగా ఒక్కటే చెబుతాము. మీ ఇంటికి తలుపు ఎందుకున్నది? దొంగసొత్తు ఉన్నదనా? ఇతరుల గుట్టు వెతకడం మన దీన్‌లో నిషిద్ధమని పిల్లలకు తజస్సుస్ అన్న మాట నేర్పుతాము, అదే పని ప్రభుత్వం చేస్తే మాత్రం నిజాయితీకి పరీక్ష అంటామా? అమెరికాలో 2002లో వరుసలో నిలబడిన 83 వేల మందీ నిజాయితీపరులే. నిజాయితీ లేనివాడు వరుసలోకి రాడు. ఆ పద్ధతి పట్టుకున్నది పిలిస్తే వచ్చినవారినే.

మరికొందరు, ఎక్కువగా యువకులు, ఇంకొక కొసకు పోతున్నారు. అన్ని ఖాతాలూ మూసివేసి, కొత్త పేరుతో తెరిచి, ఫారంలో 'ఏమీ లేవు' అని రాస్తున్నారు. ఇది ప్రమాదం. వీసా ఫారంలో అబద్ధం తేలితే జీవితకాలం ప్రవేశం పోవచ్చు. ఉన్న ఖాతా పేరు ఉన్నట్టు రాయండి. ఫారం పంపేముందు ప్రతి పేజీ నకలు తీసి ఇంట్లో ఉంచండి. పదేళ్ళ తరువాత మరొక ఫారంలో రాసే జవాబు దీనికి సరిపోవాలి కదా. తల్లిదండ్రుల పేర్ల అక్షరాలు పాసుపోర్టులో, డిగ్రీలో, జనన ధ్రువపత్రంలో ఒకేలా ఉన్నవో లేదో ఇప్పుడే చూసుకోండి. మహమ్మద్ అన్న ఒక్క పేరును మా గదిలో ఆరు రకాల ఇంగ్లీషు అక్షరక్రమాలలో చూశాము. కంప్యూటరుకు అవి ఆరుగురు మనుషులు. లేదా ఇంకెవరో ఏడవ మనిషి.

అయితే జాగ్రత్తలు చెప్పి ఊరుకుంటే మేమూ ఆ ఫారానికి సేవకులమే అవుతాము. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కు అన్నది. దానికి ఆధారమైన 21వ అధికరణంలో ఉన్న మాట 'పౌరుడు' కాదు, 'వ్యక్తి'. ఈ నేల మీద నిలబడిన విదేశీయుడూ వ్యక్తే, కరాచీ నుండి వచ్చిన ముసలి ఖాలా కూడ వ్యక్తే. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం దేశ భద్రత, శాంతిభద్రతల పేరిట ప్రభుత్వ సంస్థలనే ఆ చట్టం నుండి మినహాయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చినది. ఒక బట్టల దుకాణం మన ఫోను నంబరు రాసుకుంటే చట్టం ఉన్నది. రాజ్యం మన అవ్వ పుట్టుపూర్వోత్తరాలు రాసుకుంటే ఆ చట్టం తలుపు అవతలే నిలబడవచ్చు.

అమెరికాలో మన పిల్లల ఖాతాలు చదువుతున్నారని మన పార్లమెంటు సభ్యులు ఆవేదన పడుతున్నారు. తెలుగు రాష్ట్రాల సభ్యులు పార్టీలకు అతీతంగా విదేశాంగ మంత్రికి ఉత్తరాలు రాస్తున్నారు. రాయనివ్వండి, మంచిదే. 2023–24 విద్యాసంవత్సరంలో అమెరికాలో ఉన్న విదేశీ విద్యార్థులలో మొదటి స్థానం మనదే, 3,31,602 మంది. వారి తల్లిదండ్రుల ఓట్లకు విలువ ఉన్నది. అయితే ఆ సభ్యులు ఓట్ల కోసం మన మొహల్లాలకు వచ్చినప్పుడు, ఆ ఉత్తరంలో ఇంకొక పేరా ఎందుకు లేదని మనము అడగాలి. వాషింగ్టను మన పిల్లలను అడగకూడదని మీరంటున్న దానిని ఢిల్లీ మా బంధువులను ఎందుకు అడుగుతున్నదని అడగాలి. ఈ సంచిక చదివిన జమాతు కమిటీలు, యువజన సంఘాలు తమ నియోజకవర్గపు సభ్యునికి ఒక పేజీ అర్జీ రాస్తే చాలు. మా గదిలో మేము రాసిన అర్జీలో ఉన్నవి ఇవే: వీసా ఫారంలో మతం గడిని తీసివేయాలి; తాత, అవ్వల జాతీయతను అడిగే ప్రశ్నను తీసివేయాలి; సందర్శకుల వివరాలతో పాటు రాసుకున్న ఆతిథేయుల పేర్లను సందర్శకుడు వెళ్ళిపోయిన తరువాత ఎన్నాళ్ళకు చెరిపివేస్తారో చట్టంలోనే రాయాలి; పాసుపోర్టు విచారణకు, ఉద్యోగ విచారణకు ఆ పేర్లను వాడరాదు; తన పేరు ఏ రిజిస్టరులో ఏ కారణంగా ఉన్నదో అడిగే హక్కు, తప్పుంటే దిద్దించుకునే అధికారి ఎవరో పౌరునికి తెలియాలి.

అర్జీ మీద ఇప్పటికి నలభై ఒక్క సంతకాలు అయినవి. మొదటి సంతకం మా తమ్ముని కొడుకుది. రెండవది ఆ ఎం.ఎస్. అమ్మాయిది, పేరు పూర్తిగా, పొడి అక్షరాలు లేకుండా రాసినది. వాళ్ళ నాన్నగారు పక్కనే నిలబడి, చాలాసేపు పెన్ను చేతిలో తిప్పుతూ ఉండి, మూడవ గడిలో సంతకం చేశారు.